తాబేలు బావ మెడ

మా బావ మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టడు, పళ్ళు చూసి గుర్తుపడతాడు. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముందు తెల్లమొహం వేస్తాడు. వాళ్ళు నవ్వగానే, "ఓహో, మీరా! కింది సెట్టు ఇంకా ఒరుసుకుంటోందా?" అంటాడు. ఆయన పని కట్టుడుపళ్ళు చెయ్యడం. పళ్ళ డాక్టర్లు రోగి నోట్లోంచి తీసిన అచ్చు పంపిస్తారు. ఈయన అందులో ప్లాస్టర్ పోసి, చిగుళ్ళ ఆకారం రాబట్టి, దాని మీద మైనంతో ఒక్కొక్క పన్నూ నిలబెడతాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాడికి అన్నం సహించదు. అందుకని దీపం కిందికి దించుకునేవాడు, తల దీపం కంటే కిందికి దించేవాడు. పెళ్ళికి ముందు మొదలుపెట్టిన ఆ వంగడం జుట్టు నెరిసేదాకా సాగింది.

చివరికి ఏమైందంటే, బావ ఏ గుమ్మంలోకి వచ్చినా ముందు తల వచ్చేది, తర్వాత బావ వచ్చేవాడు. తాబేలు అని పేరు పెట్టింది మా అక్కే. కట్టుకున్నది తాబేలు అంటే మరదల్ని నేనెందుకు ఊరుకుంటాను? నేను రెండు జడలు వేసుకుని తిరిగే రోజుల్లో ఆయన మా ఇంటికి అల్లుడయ్యాడు, అప్పట్నుంచీ మా ఇద్దరికీ మాటకు మాటే. వాళ్ళ వీధి చివరే నా ఇస్త్రీ కొట్టు. రోజంతా నిలబడి చేసే పని. "మా మరదలికి మెడ బాగుంది, నోరే బాగోదు" అంటాడు బావ. నిజమే. నా నోరూ నా ఇస్త్రీపెట్టే ఒకసారి వేడెక్కితే చల్లారడానికి టైం పడుతుంది.

వాళ్ళకు పిల్లలు లేరు. ముందుగది పళ్ళ పనికి, వెనకగది కాపురానికి. బావ పళ్ళు చేస్తే, అక్క వాటిని డబ్బాల్లో సర్దుకుని డాక్టర్లకు అందించి వచ్చేది. ఏ పళ్ళ డాక్టరు చూసినా మేడ మీదే ఉంటాడు, ఎందుకో నాకు తెలియదు. "ఈ మధ్య మెట్లు ఎక్కువయ్యాయే" అనేది అక్క నా కొట్టు ముందు ఆగి, ఊపిరి పీల్చుకుంటూ. "మెట్లు ఎక్కువవలేదు, ఒళ్ళు ఎక్కువైంది" అనేదాన్ని నేను. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

బావ మెడ సంగతి అక్కకు తెలిసింది ఒక వంకర పన్ను వల్ల. అప్పటికి చాలా రోజులుగా ఆయన మెడ తిప్పలేకపోతున్నాడు. వెనక నుంచి పిలిస్తే మనిషంతా తిరిగేవాడు. ఏమైందంటే "పడక సరిగ్గా కుదరలేదు" అని, ఏదో పచ్చమందు రాసుకుని మళ్ళీ వంగేవాడు. కుడిచేతి రెండు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు అక్క డబ్బా సర్దుతూ ఒక సెట్టు వెలుతురులో పెట్టి చూసింది. కోరపన్ను పక్కకు తిరిగి ఉంది. అది పట్టుకుని తిన్నగా నా కొట్టుకు వచ్చేసింది.

"ఆయన వంకర పన్ను పెట్టారే" అంది. ఇంట్లో దొంగలు పడ్డా అంత బెదిరిపోదు. పళ్ళు చేసేవాడికి వేళ్ళే తిండి. వేళ్ళు పోతే ఆ ముందుగది పోతుంది, ఆ మనిషీ మిగలడు. అది మా ఇద్దరికీ తెలుసు.

మర్నాడే మెడ పట్టి గెంటినంత పని చేసి ఆయన్ని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళింది. మందుల షాపు మీద రెండు గదులు, అక్కడా మెట్లే. చూసే అమ్మాయి చిన్నది, చేతులు మాత్రం గట్టివి. బావ ఆమెకు మెడ డాక్టరమ్మ అని పేరు పెట్టాడు. ఆమె బావ తల పట్టుకుని అటూ ఇటూ మెల్లగా తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసి, "బాబాయిగారూ, తప్పు మీ మెడది కాదు, మీ బల్లది" అంది.

"నీళ్ళ బకెట్టు ఒంటికి ఆనించి పట్టుకుంటే బరువు తెలీదు. చెయ్యి చాపి పట్టుకోండి, ఎంతసేపు పట్టుకోగలరు? మీ తలా అంతే. భుజాల మీద నిలబడాల్సిన తలని ఇన్నేళ్ళు ముందుకు చాపి మోశారు. మెడలో నరం నలిగింది. అందుకే వేళ్ళు తిమ్మిరి. ఇలాగే వదిలేస్తే ఆ వేళ్ళు మీ మాట వినవు."

ఆ మాటతో అక్క ఇల్లంతా మార్చేసింది. బల్ల కాళ్ళ కింద చెక్క దిమ్మలు వేయించి పని కళ్ళ ఎత్తుకు తెచ్చింది. దీపం పైకెత్తింది. రెండు దిళ్ళు తీసేసి పల్చటిది ఒకటి ఇచ్చింది. ఎవరి నోటికీ సరిపోని పన్ను ఒకటి తీసుకుని, బావ తిన్నగా కూర్చుంటే కళ్ళకు ఎదురుగా వచ్చే చోట గోడకు మైనంతో అంటించింది. పని మధ్యలో తరచుగా తలెత్తి దాన్ని చూడాలి. చూసి గడ్డం మెల్లగా వెనక్కి లాక్కోవాలి, భుజాలు వెనక్కి కలపాలి, కాసేపు ఆగి వదలాలి. బావ మర్చిపోతాడు కదా, వెనకగదిలోంచి అక్క అరిచేది, "తల!" అని. ఆ కేకకు బావ తలెత్తేవాడు, పళ్ళ కోసం వచ్చి కూర్చున్నవాళ్ళూ తలెత్తేవారు, ఒక్కోసారి గుమ్మం ముందు పోయేవాడు కూడా ఉలిక్కిపడి తలెత్తేవాడు.

పొద్దున్నే తువ్వాలు వ్యాయామం. తువ్వాలు మడిచి బావ తల వెనక వేసి, రెండు కొసలూ అక్క ఎదురుగా కూర్చుని పట్టుకునేది. ఆయన తలని తువ్వాలుకేసి మెల్లగా వెనక్కి ఒత్తాలి, ఆమె కదలకుండా ఆపాలి. మొదలుపెట్టే ముందు ప్రతిరోజూ మూడు ప్రశ్నలు అడిగేది.

"చెయ్యి కొత్తగా ఏమైనా లాగుతోందా?"

"లేదు."

"దవడ పట్టేసినట్టుందా?"

"లేదు."

"చెమటలు గానీ, ఆయాసం గానీ?"

"లేదు తల్లీ, లేదు. తువ్వాలు వెయ్యి."

బావ దాన్ని వ్యాయామంలో ఒక భాగం అనుకున్నాడు. పంతులు పాఠం ముందు హాజరు పిలిచినట్టు, ఇదీ ఒక పద్ధతి అనుకున్నాడు. నేనోసారి, "ఎందుకే రోజూ ఈ పరీక్ష?" అని అడిగితే, "డాక్టరమ్మ అడగమంది" అని ఊరుకుంది.

మెడ వెంటనే రాలేదు. బావ విసుక్కున్నాడు, అలిగాడు, తువ్వాలు దాచేశాడు. అక్క వెతికి తెచ్చింది. నెలలు గడిచాయి. ఒకరోజు బావ నా కొట్టుకు వచ్చి నిలబడి, ఎదురు మేడ పైకి చూస్తూ, "అక్కడెవరో పావురాలు పెంచుతున్నారే, ఎప్పట్నుంచి?" అన్నాడు. పదేళ్ళ నుంచి ఉన్నాయి ఆ పావురాలు. నేను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి పగలబడి నవ్వాను. తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది. వేళ్ళలో తిమ్మిరి పోయింది. పళ్ళు మళ్ళీ తిన్నగా నిలబడ్డాయి. ఆ రోజుల్లోనే ఒక పొద్దున తువ్వాలుకు అటూ ఇటూ కూర్చుని ఉండగా, బావ అక్క మొహంలోకి చాలాసేపు చూసి, "నువ్వు ముసలిదానివైపోయావేమే" అన్నాడట. "మీరు చూడకుండా ఉన్నప్పుడే అయిపోయానండీ" అందట అక్క. ఈ మాట ఇద్దరూ విడివిడిగా వచ్చి నాకు చెప్పారు. ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు నోరు రాదు. అయినా చెప్పాలి.

మధ్యాహ్నం కావస్తోంది. అక్క పళ్ళ డబ్బాలు అందించి వచ్చి, ముందుగదిలో గోడకానుకుని కూర్చుంది. "మెడ పట్టేసిందండీ" అంది. బావ మైనం వేడి చేస్తున్నాడు. "నా రోగం నీకూ అంటించానా?" అన్నాడు.

"దవడ కూడా లాగుతోంది."

దవడ అనగానే ఆయనలో పళ్ళాయన లేచాడు. ఆమెను వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరిపించాడు. పనిముట్టు వెనక కొసతో ఒక్కో పన్నూ తట్టి చూశాడు. ముందుపళ్ళ మధ్య ఆమెకు చిన్న సందు ఉండేది. ఎన్నిసార్లు పూడ్చమన్నా ఆయన పూడ్చలేదు, నీ నవ్వు పాడవుతుందనేవాడు. పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయి. నొప్పి పంటిది కాదు.

"ఎడమ చెయ్యి బరువుగా ఉందండీ" అంది అక్క.

"అయితే మెడే. సందేహం లేదు. నాకూ మెడ నుంచే కదా చెయ్యి లాగింది" అన్నాడు బావ. ఆ మాట అన్నప్పుడు సంతోషమేసిందట ఆయనకు. అది చెప్పి చెప్పి ఏడుస్తాడు. ఇన్నాళ్ళూ ఆమె తనకు చేసింది. ఇప్పుడు ఆమెకు నొప్పి వచ్చింది, దానికి ఏం చెయ్యాలో తనకు వచ్చు. తన స్టూలు మీద కూర్చోబెట్టాడు. గోడ మీద పన్నుకు ఎదురుగా తిప్పాడు. వేడినీళ్ళ సంచి మెడ మీద పెట్టాడు. పొద్దున అక్క మడిచిపెట్టిన తువ్వాలు తల వెనక వేసి, కొసలు పట్టుకుని, అచ్చం ఆమె గొంతుతోనే "తల!" అన్నాడు. అక్క నవ్వింది. నుదుటి మీద చెమట పట్టింది. వేడినీళ్ళ సంచి వల్ల అనుకున్నాడు.

"కాస్త తగ్గిందండీ. మీరెళ్ళి పని చూసుకోండి, మైనం గట్టిపడుతుంది" అంది.

ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ తిరిగి చూసేసరికి ఆమె స్టూలు మీంచి పక్కకు ఒరిగిపోయి ఉంది. బావ కేక విని నేను ఇస్త్రీపెట్టె కింద చీర కాలుతున్నా చూడకుండా పరిగెత్తాను. ఆటోలో అక్క తల నా ఒళ్ళోనే ఉంది. ఆస్పత్రి చేరేలోపే పోయింది.

అక్కడి డాక్టరు చెప్పాడు, మెడ కాదు, గుండె అని. ఆడవాళ్ళకు కొన్నిసార్లు ఛాతీలో నొప్పి రాదట. దవడలో, మెడలో, చేతిలో వస్తుందట. "చెమట పట్టినప్పుడే తీసుకొచ్చి ఉంటే..." అని మొదలుపెట్టి, బావ మొహం చూసి ఆపేశాడు. ఆపేసిన మాటే బావ చెవుల్లో ఉండిపోయింది.

పరామర్శకు వచ్చినవాళ్ళు ఊరుకున్నారా? చచ్చిన ఇంట్లో సలహాలకు కొదవా? ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సింది పోయి తువ్వాలు పట్టుకుని కూర్చున్నాడట, అని బావ వినేలాగే చెవులు కొరుక్కున్నారు. నాకు ఒళ్ళు మండింది. "కాఫీలు అయిపోయాయి, లేవండి" అని అందర్నీ లేపాను. బావ మీద నాకు ఒక్క క్షణం కూడా కోపం రాలేదు. ఎవరి మీద వచ్చిందంటే అక్క మీదే వచ్చింది. చస్తూ కూడా మైనం గట్టిపడుతుందని చూసిన మనిషిని ఏమనాలి?

బావ వ్యాయామాలన్నీ మానేశాడు. నేను కొట్టు మూసి అన్నం పట్టుకెళ్ళేసరికి బల్ల కింద చెక్క దిమ్మలు వీధిలో పడి ఉన్నాయి. దీపం మళ్ళీ కిందికి దిగింది. తువ్వాలు కనబడలేదు. గోడ మీద పన్ను మాత్రం ఉంది, దాని జోలికి పోలేదు. దాని వైపు చూడనూ లేదు. తల మళ్ళీ దీపం కిందికి పోయింది. "మెడ ఏమైతే నాకేంటి? ఆ తువ్వాలు చూస్తే నాకు ఊపిరాడదు" అన్నాడు.

వేళ్ళు మళ్ళీ తిమ్మిరెక్కాయి. ఈసారి మూడో వేలు కూడా. చేతిలో పన్ను జారి కింద పడితే, పడిన చప్పుడు విన్నాకే పడిందని తెలిసేది. ఒక డాక్టరు సెట్టు వెనక్కి పంపాడు. ఆ డబ్బా నేనే తెచ్చి బావ ముందు తెరిచాను. కోరపన్ను పక్కకు తిరిగి ఉంది.

"మళ్ళీ వంకర పన్ను పెట్టావు బావా. ఇది చూసి అక్క ఏడ్చింది. నేను ఏడవను. నువ్వు ఇప్పుడు లేచి రాకపోతే వీధి మధ్యలో నిలబడి అరుస్తాను. నా నోరు నీకు తెలుసు" అన్నాను.

తెలుసు కాబట్టే వచ్చాడు.

మందుల షాపు మీదికి మెట్లెక్కాం. డాక్టరమ్మకు అక్క పోయిన సంగతి తెలుసు, ఎలా పోయిందో తెలియదు. బావను బల్ల మీద కూర్చోబెట్టింది. మెడ మీద చెయ్యి వెయ్యబోతూ ఆగి, అలవాటుగా అడిగింది.

"చెయ్యి కొత్తగా ఏమైనా లాగుతోందా బాబాయిగారూ? దవడ పట్టేసినట్టుందా? చెమటలు, ఆయాసం?"

 బావ ఆమె మొహంలోకి చూశాడు. "ఇవి మా ఆవిడ ప్రశ్నలు" అన్నాడు.

"నేనే చెప్పాను పిన్నిగారికి. మొదటిసారి వచ్చినప్పుడు. మీరు లోపలి గదిలో వేడికాపడం కింద పడుకుని ఉన్నారు. మెడ నొప్పులన్నీ మెడవి కావు పిన్నిగారూ, గుండె నొప్పి కూడా ఒక్కోసారి ఇలాగే మెడలోకీ దవడలోకీ చేతిలోకీ వస్తుంది, వీటిలో ఏది కొత్తగా కనిపించినా వ్యాయామం చేయించకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి అని. రోజూ అడగమన్నాను. ఆయనకు చెబితే బెంగ పెట్టుకుంటారు, ఎందుకో చెప్పకుండా నేనే అడుగుతాలే అన్నారు."

 నాకు అప్పుడు అర్థమైంది. మా అక్కకు తెలుసు. దవడ, చెయ్యి, చెమట, అన్నీ తెలుసు. కానీ ఆ మాట ఆవిడ మొగుడి కోసం విన్నది. ఆయన ఒంట్లో వెతకడానికి నేర్చుకుంది. అదే తన ఒంట్లోకి వస్తే పోల్చుకోలేకపోయింది, అది తన కోసం చెప్పిన మాట అని ఆమెకు తట్టనే లేదు.

"రోజూ అడిగేది" అన్నాడు బావ. "రోజూ లేదు లేదు లేదు అని చెప్పేవాణ్ణి. ఒక్కరోజంటే ఒక్కరోజు, నీకో అని నేను తిరిగి అడగలేదమ్మా. అడిగుంటే ఆవేళ నా నోటికి అదే వచ్చేది. చెయ్యి, దవడ, చెమట. అడుగుతూ ఉండగానే తెలిసిపోయేది మా ఇద్దరికీ."

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. "నేనూ అడగలేదు బాబాయిగారూ. మెట్లెక్కి వచ్చి ఆ గోడ పట్టుకుని నిలబడేవారు. రొప్పుతుండేవారు. పేషెంటు మీరు కదా అని నేనూ మీ వైపే చూశాను."

మెట్లు ఎక్కువయ్యాయే అని అక్క నా కొట్టు ముందు నవ్విన నవ్వు నా చెవిలో గింగురుమంది. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

ఆ రోజు బావ మెడ మీద చెయ్యి వెయ్యనిచ్చాడు. వేళ్ళ సంగతి తేల్చి చెప్పలేనంది డాక్టరమ్మ. రోజూ చేస్తే రెండు వేళ్ళు రావచ్చు, మూడోదాని మీద ఆశ తక్కువ. తువ్వాలు పట్టడానికి ఇంకో మనిషి కావాలంది. ఇంకెవరున్నారు? నేనే.

మర్నాడు పొద్దున్నే కొట్టు తెరవకముందు వెళ్ళాను. వీధిలో పడేసిన దిమ్మల్ని పక్కింటివాళ్ళు దాచిపెట్టారు, అవి తెచ్చి బల్ల కింద పెట్టాను. బావ పెట్టె అడుగు నుంచి తువ్వాలు తీశాడు. అక్క మడిచిన మడత అలాగే ఉంది. ఆ మడత విప్పడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. స్టూలు మీద కూర్చున్నాడు, నేను ఎదురుగా కూర్చుని చేతులు చాపాను. ఆయన తువ్వాలు ఇవ్వలేదు.

"ముందు నువ్వు చెప్పు" అన్నాడు.

"ఏం చెప్పాలి?"

"చెయ్యి లాగుతోందా?"

"లేదు బావా."

"దవడ పట్టేసిందా?"

"లేదు."

"చెమటలు? ఆయాసం?"

"ఇస్త్రీ కొట్టుదానికి చెమట పట్టక పన్నీరు పడుతుందా?" అన్నాను, ఎలాగైనా నవ్వించాలని. ఆయన నవ్వలేదు. పళ్ళు చూసి మనుషుల్ని గుర్తుపట్టే మా బావ, నా కళ్ళల్లోకి చూస్తూ కూర్చున్నాడు, నేను సరిగ్గా జవాబు చెప్పేదాకా.

"లేదు బావా. ఏమీ లేదు. బాగున్నాను."

అప్పుడు తువ్వాలు కొసలు నా చేతికిచ్చాడు. "తల!" అని అక్కలాగా అరవబోయాను. అంతలో ఆయనే తలెత్తి గోడ మీద పన్ను వైపు చూశాడు.

రెండు వేళ్ళు వచ్చాయి, మూడోది రాలేదు. పళ్ళు నిలబెడుతున్నాడు, మునుపటి కంటే నెమ్మదిగా. ఇప్పటికీ జవాబు చెప్పందే మెడ ఇవ్వడు. మా అక్కని ఒక్కసారి అడగాల్సిన మాట, నన్ను రోజూ అడుగుతున్నాడు.